లుకేమియా నయమైన పిల్లలకు లెక్కలు ఎందుకు కష్టమవుతాయి

పిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి రెండు మూడేళ్లపాటు విశాఖకు తిరిగి, దాన్ని నయం చేయించుకుని మళ్లీ బడిలో చేరిన పిల్లలున్నారు. వాళ్లలో కొందరికి చదువు ముందులా సాగదు. "గుంటడు బద్దకిస్తున్నాడు" అని పెద్దలు అంటారు. నిజానికి ఆ వెనకబాటుకు మూలం చాలావరకు చికిత్సలోనే ఉంది.

లుకేమియా కణాలు మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో దాక్కుంటాయి, నరంలోకి ఎక్కించే మందులు చాలావరకు అక్కడికి సరిగా చేరవు. అందుకని 1960లలో తలకు రేడియేషన్ ఇవ్వడం మొదలైంది. ప్రాణాలు నిలిచాయి గానీ, ఆ పిల్లల తెలివితేటలు, ఎదుగుదల దెబ్బతిన్నాయి. మోతాదును 24 గ్రేల (గ్రే అంటే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) నుంచి 18కి, 12కి తగ్గిస్తూ వచ్చి, ఇప్పుడు చాలామందికి రేడియేషన్ మానేసి, వెన్నులో సూది ద్వారా మెథోట్రెక్సేట్ ఇస్తున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనల నుంచి వచ్చిన మందు ఇది. లక్షలాది తల్లులు ఆయనకు రుణపడి ఉన్నారు. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకుని క్యాన్సర్ కణాల విభజనను ఆపడం దీని పద్ధతి. అయితే ఫోలిక్ ఆమ్లం మెదడుకూ అవసరమే. నరాల తంతువులపై ఉండే మైలిన్ పొర చిన్నతనంలో ఇంకా ఏర్పడుతూనే ఉంటుంది కనుక, చికిత్స నాటికి వయసు ఎంత తక్కువైతే నష్టభయం అంత ఎక్కువ.

రేడియేషన్ లేకుండా నయమైన పిల్లల్లో చాలామందికి మొత్తం తెలివితేటలు మామూలుగానే ఉంటాయి. తగ్గేది ఏకాగ్రత, ఆలోచనా వేగం, విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకునే శక్తి. నల్లబల్ల మీది భాగహారం దించుకునే పిల్లవాడు పై అంకె రాసి తలెత్తేసరికి కింది అంకె మరిచిపోతాడు, మళ్లీ మొదటి నుంచి చూస్తాడు, ఈలోగా మాస్టారు బల్ల తుడిచేస్తారు. చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్ అనే మరో మందు వల్ల వేళ్లలో పట్టు తగ్గితే రాత ఇంకా నెమ్మదిస్తుంది. చికిత్స రోజుల్లో స్టెరాయిడ్లు తెచ్చే చిరాకు, నిద్రలేమి, విపరీతమైన ఆకలి మందు ఆపాక తగ్గిపోతాయి. ఏకాగ్రత లోపం మాత్రం కొన్నేళ్ల తరువాత, పాఠాలు బరువెక్కే తరగతుల్లో బయటపడవచ్చు.

ఆడపిల్లల్లో ఈ ఇబ్బందులు ఎక్కువని అనేక అధ్యయనాలు చూపాయి. మన వైపు జబ్బు సంగతి బడిలో చెప్పకుండా దాచేది కూడా ఆడపిల్లల విషయంలోనే, రేపు సంబంధాలు రావన్న భయంతో. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను, కానీ దాని వల్ల ఆ పిల్ల మొద్దు అన్న ముద్ర మోయవలసి వస్తుంది. ఊరంతటికీ చెప్పనక్కరలేదు, క్లాసు టీచరుకు చెబితే చాలు. చికిత్స ముగిశాక చూపించుకోవడానికి వెళ్లినప్పుడు సైకాలజిస్టు చేత ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించమని డాక్టరును అడిగి, ఆ నివేదికను బడికి ఇవ్వవచ్చు. ముందు వరుసలో చోటు, దించుకునే పని బదులు రాసి ఇచ్చిన నోట్సు, పరీక్షలో కొంత అదనపు సమయం, ఇవి ఏ మండల బడిలోనైనా అమర్చగలిగినవే.