టమాటా గుజ్జు డబ్బా మీద ఒక లేబుల్: జన్యు సవరణ రగడకు పాత మూలం

జన్యు సవరణ (జీన్ ఎడిటింగ్, అంటే పంట సొంత జన్యువుల్లోనే చిన్న మార్పు) చేసిన పంటలకు లేబుల్ ఉండాలా, అక్కర్లేదా అన్న రగడ మళ్లీ రాజుకుంది. 2025 మేలో కేంద్రం రెండు సవరించిన వరి వంగడాలను ప్రకటించింది. వాటిలో ఒకటైన డీఆర్‌ఆర్ ధాన్ 100 మన సాంబ మసూరి నుంచి వచ్చిందే. చేసింది రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ. అదే ఏడాది నవంబరులో ఇంగ్లండ్ కూడా ఇలాంటి పంటలకు పచ్చజెండా ఊపింది. అక్కడ ప్రభుత్వ రిజిస్టరులో వివరాలు ఉంటే చాలు, ప్యాకెట్ మీద చెప్పాల్సిన పని లేదు. బీటీ పత్తి కథ అందరికీ తెలిసిందే, దాని జోలికి పోవడం లేదు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది టమాటాను, అందులోనూ బ్రిటన్‌లో మూడేళ్లు అమ్ముడుపోయి మాయమైన ఒక గుజ్జు డబ్బాను.

మామూలుగా ఈ చరిత్ర చెప్పేవాళ్లు అమెరికాలో ఆగిపోతారు. త్వరగా మెత్తబడకుండా జన్యుమార్పిడి (జీఎం) చేసి, 1994 మే 18న అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన ఫ్లేవర్ సేవర్ టమాటాను జనం తిప్పికొట్టారని చెబుతారు. నిజానికి దాన్ని దెబ్బతీసింది జనం కాదు. తీసుకున్న రకానికి పొలంలో సరైన దిగుబడి లేదు, రవాణాలో కాయ చితికిపోయేది, ఖర్చులు తడిసి మోపెడయ్యాయి. చివరికి దాన్ని తయారుచేసిన కాల్జీన్ కంపెనీయే విత్తనాల దిగ్గజం మోన్‌శాంటో చేతిలోకి వెళ్లిపోయింది. అక్కడితో ఆ కథ సరి.

అదే కిటుకుతో బ్రిటన్‌లో జరిగింది వేరు. టమాటా పండేటప్పుడు పాలీగెలాక్టురొనేజ్ అనే ఎంజైము కాయలోని పెక్టిన్‌ను విరగ్గొడుతుంది. కాయ మెత్తబడటంలో దాని పాత్ర ఉంది. ఆ జన్యువు పనిని అణచేస్తే పెక్టిన్ చాలావరకు నిలుస్తుంది. కాల్జీన్ దీన్ని తాజా కాయల కోసం వాడింది. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో డాన్ గ్రియర్సన్ బృందంతో కలిసి పనిచేసిన జెనెకా కంపెనీ మాత్రం గుజ్జు మీద కన్నేసింది. పెక్టిన్ నిలిస్తే గుజ్జు సహజంగానే చిక్కగా వస్తుంది. నీళ్లు ఇగరబెట్టడానికి అంత ఇంధనం కాల్చక్కర్లేదు, వృథా కూడా తగ్గుతుంది.

కాయలు పండించింది కాలిఫోర్నియాలో. గుజ్జు డబ్బాలు 1996 ఫిబ్రవరిలో సేఫ్‌వే, సైన్స్‌బరీ దుకాణాల్లోకి వచ్చాయి. సేఫ్‌వేలో మామూలు గుజ్జు 142 గ్రాములు 29 పెన్నీలైతే, ఇది 170 గ్రాములు అదే 29 పెన్నీలు. జన్యుమార్పిడి టమాటాలతో తయారైందని డబ్బా మీదే రాశారు. అలా రాయాలని అప్పటికి ఏ చట్టమూ లేదు, దుకాణాలే ముందుకొచ్చి రాయించాయి. పక్కపక్కనే రెండు రకాల డబ్బాలూ ఉంటే, లేబుల్ చదివి కూడా జనం దీన్ని కొన్నారు. 1999 మొదటి దాకా దాదాపు 18 లక్షల డబ్బాలు పోయాయి. లేబుల్ పెడితే సరుకు చచ్చిపోతుందని ఇవాళ వాదించేవాళ్లు ఈ లెక్కను ఎందుకో గుర్తు చేయరు.

మలుపు తిప్పింది టమాటా కాదు, సోయా. అదే 1996 శరదృతువులో అమెరికా నుంచి కలుపు మందును తట్టుకునే సోయా గింజలు మామూలు గింజల్లో కలిసిపోయి యూరప్ రేవుల్లో దిగాయి. వేరు చేసి పంపమంటే ఎగుమతిదారులు కుదరదన్నారు. బిస్కెట్లు, బ్రెడ్డు, చాక్లెట్లు, ఎందులో ఏముందో కొనేవాడికి తెలియని పరిస్థితి వచ్చింది. టమాటా డబ్బా విషయంలో ఉన్న ఎంపిక సోయా విషయంలో లేకుండా పోయింది. లోలోపల కుతకుతలాడుతున్న ఆ కోపానికి 1998 ఆగస్టులో నిప్పంటుకుంది. ఆర్పాడ్ పుస్తాయ్ అనే శాస్త్రవేత్త, జీఎం తిండి తిన్న తన ఎలుకలకు హాని జరిగిందని టీవీలో చెప్పారు. ఆయన తినిపించింది టమాటా కాదు, బంగాళాదుంప. ఆ ప్రయోగం తీరును శాస్త్రవేత్తలు తీవ్రంగా తప్పుబట్టారు. అయినా 1999లో సూపర్ మార్కెట్లు జీఎం సరుకంతా ఊడ్చేశాయి. ఏ తప్పూ తేలని టమాటా గుజ్జు కూడా అందులోనే కొట్టుకుపోయింది.

శాస్త్రవేత్తలు చెప్పే కథలో సోయాకు పెద్దగా చోటుండదు, టీవీ పుట్టించిన భయమే అన్నిటికీ కారణం. ఎడిటింగ్‌లో చివరికి పరాయి జన్యువేదీ మిగలదని, లేబుల్ వేస్తే లేని ప్రమాదాన్ని ఉన్నట్టు చూపడమేనని వారి వాదన. విత్తనాలను రసాయనంలో నానబెట్టి జన్యువులు మారేలా చేసి పుట్టించిన మ్యూటెంట్లను ఎవరూ అడగరు కదా అంటారు. అది నిజమే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అలాంటి టమాటా మ్యూటెంట్ల మీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది, దాని మీద ఎవరూ ధర్నా చేయలేదు.

జపాన్ వాళ్లు మాత్రం డబ్బా పాఠం ఒంటబట్టించుకున్నట్టున్నారు. త్సుకుబా విశ్వవిద్యాలయం నుంచి పుట్టిన సానాటెక్ సీడ్ సంస్థ, గాబా అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండేలా సవరించిన టమాటాను 2021లో తెచ్చింది. గాబాను తయారుచేసే ఒక ఎంజైముకు సహజంగా ఉండే బ్రేకును జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో తీసేశారు, అంతే. లేబుల్ తప్పనిసరి కాకపోయినా తామే వేసుకున్నారు. దుకాణాలకు వెళ్లకుండా ముందు నాలుగు వేల మందికి పైగా పెరటి తోటల వాళ్లకు నారు ఉచితంగా పంచారు. సెప్టెంబరులో కాయల అమ్మకం మొదలైంది.

మన దగ్గర 2010 ఫిబ్రవరిలో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థ (ఎన్‌ఐపీజీఆర్) శాస్త్రవేత్తలు 45 రోజుల వరకు గట్టిగా ఉండే జీఎం టమాటా గురించి పరిశోధన పత్రం ప్రచురించారు. మదనపల్లె మార్కెట్‌లో క్రేట్లు అమ్ముడుపోక పారబోసే రైతుకు అంతకన్నా ఏం కావాలి? అదే నెలలో, హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో జనం మాట విన్నాక, అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ పురుగును తట్టుకునే జీఎం పంట బీటీ వంకాయను ఆపేశారు. ఆ వాతావరణంలో టమాటా ల్యాబ్ దాటలేదు.

2022 మార్చి 30న వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు, పరాయి జన్యువు మిగలని ఎడిటింగ్ పంటలను జీఎం నిబంధనల్లో కీలకమైన వాటి నుంచి తప్పించింది. అంటే మళ్లీ సభలు పెట్టి వినాల్సిన పని లేకుండా పోయింది. జీఎం పదార్థం ఒక శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే లేబుల్ వేయాలని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లో తెచ్చిన ముసాయిదా ఈ ఉత్తర్వుకు సంబంధం లేని వేరే దారి. కొత్త సాంబకు దిగుబడి 19 శాతం ఎక్కువని, 20 రోజులు ముందే కోతకొస్తుందని భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) చెబుతోంది. ఆ ధాన్యం కొనుగోలు కేంద్రానికి వచ్చి మిల్లుకెళ్తే పాత సాంబ నుంచి వేరు చేసే ఏర్పాటు లేదు, చూపుతో పోల్చుకోవడమూ అసాధ్యం. చెప్పదలిస్తే విత్తనాల సంచి దగ్గరే చెప్పాలి.