గోదావరి ఎరుపు, బొగ్గుకొండల ఎరుపు

ఆషాఢంలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎర్రబడితే డెల్టాలో ఎవరూ దిగులు పడరు. పైనున్న కొండల నుంచి, నల్లరేగడి నేలల నుంచి కొట్టుకువచ్చే ఆ ఒండ్రు పోగుపడే మన లంకలూ, పొలాలూ ఏర్పడ్డాయి. వెనుకటి రోజుల్లో ఆ నీటిని బిందెలకు పట్టి, ఇండుపగింజ అరగదీసి కలిపితే కాసేపటికి మట్టి అడుక్కి దిగి పైన తేట నిలిచేది. నీటి రంగును ఇలా అర్థం చేసుకోవడం అలవాటైన మనకు, బొగ్గు తవ్విన కొండల్లో పారే ఎర్రని వాగును చూస్తే అదీ ఒండ్రేనని అనిపించవచ్చు. కాని ఆ ఎరుపుకు కారణం మట్టి కాదు, తుప్పు.

బొగ్గు పొరల్లోనూ వాటిని అంటిపెట్టుకున్న రాళ్లలోనూ పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. ఇనుమూ గంధకమూ కలిసిన ఈ పదార్థం, గాలి సోకనంత కాలం కోట్ల సంవత్సరాలు మార్పు లేకుండా పడి ఉంటుంది. తవ్వి బయట పోసినప్పుడు గాలీ వాననీరూ తగిలి, అందులోని గంధకం సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది, ఇనుము నీటిలో కరిగిపోతుంది. ఈ రసాయన చర్య నుంచే జీవశక్తిని పొందే కొన్ని బాక్టీరియాలు దాని వేగాన్ని ఎన్నో రెట్లు పెంచుతాయి. దిగువన మంచినీటి వాగు వచ్చి కలిసి ఆమ్లత తగ్గిన చోట, కరిగిన ఇనుము నారింజ రంగు మడ్డిగా మారి రాళ్లను కప్పేస్తుంది, ఆ రాళ్లను పట్టుకుని బతికే పురుగులు చస్తాయి, వాటిని తిని బతికే చేపలు ఆ తరువాత మాయమవుతాయి. ఇంతకంటే భయపెట్టే సంగతి ఒకటుంది. ఆమ్లత బాగా ఎక్కువగా ఉన్నచోట లోహాలన్నీ కరిగే ఉంటాయి కనుక, ఆ నీరు చూడడానికి తేటగానే కనిపించవచ్చు.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు చేసే రైతుకు పీహెచ్ గురించి, అంటే నీటి ఆమ్లతను చెప్పే అంకె గురించి, విడమరచి చెప్పనక్కరలేదు. చెరువు నీటి పీహెచ్ 7.5 కంటే దిగితే ఆయన సున్నం చల్లించే పనిలో పడతాడు. మేఘాలయలోని జయంతియా కొండల్లో గంధకం ఎక్కువగా ఉండే బొగ్గును ఎలుకబొరియల్లాంటి గనుల్లోంచి తవ్వుతూ వచ్చిన ప్రాంతాలలో, కొన్ని వాగుల పీహెచ్ 4 కంటే దిగువకు పడిపోయింది. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరుగుతుంది కాబట్టి, 8 దగ్గరున్న మన చెరువు నీటితో పోలిస్తే 3 దగ్గరున్న నీటి ఆమ్లత లక్ష రెట్లు. ఆ నీరు దిగువన అస్సాంలోని కోపిలి జలవిద్యుత్ కేంద్రానికి చేరి, అక్కడి టర్బైన్ల ఉక్కును కూడా తినేసింది. ఉక్కే ఆగని నీటిలో చేపపిల్ల ఎలా ఆగుతుంది? ఆ గనులను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 ఏప్రిల్‌లో నిషేధించింది. అయినా 2018 డిసెంబరు 13న అలాంటి గనిలోకే నీరు చొరబడి 15 మంది కూలీలు చిక్కుకుపోయారు.

అమెరికాలోని అపలేచియన్ కొండల్లో నష్టం మరో దారిలో వచ్చింది. అక్కడ వెస్ట్ వర్జీనియా, కెంటకీ రాష్ట్రాల్లో బొగ్గు పొర కోసం సొరంగం తవ్వడానికి బదులు కొండ శిఖరాన్నే పేల్చి తీసివేస్తారు. మనం గొయ్యి తీసి తిరిగి పూడ్చినప్పుడు కొంత మట్టి మిగిలిపోవడం చూస్తూనే ఉంటాం. విరిగిన రాయి మధ్య ఖాళీలు ఏర్పడి అది మరింత చోటు ఆక్రమిస్తుంది. కొండంత రాయి విరిగినప్పుడు మిగిలేదీ కొండంతే. దానిని పక్కనున్న లోయలోకి తోసేస్తారు. ఆ లోయల్లోనే నదులకు మొదలైన సన్నని వాగులు పుడతాయి. అలా పూడిపోయిన వాగుల పొడవు దాదాపు 3,200 కిలోమీటర్లని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా వేసింది. సన్నని వాగు పోతే ఏం పోయిందని అడిగేవారికి డెల్టా రైతే సరైన జవాబు చెప్పగలడు, ఎందుకంటే బోదె పూడిన చేనుకు ప్రధాన కాలువ నిండుగా పారినా ఒరిగేదేమీ లేదని ఆయనకు తెలుసు.

గట్టు తెగడమంటే ఏమిటో కూడా మనకు తెలుసు. 1986 ఆగస్టులో గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు గండ్లు పడిన ఊళ్ల వారు ఆ రాత్రులను ఇప్పటికీ మరిచిపోలేదు. వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్‌లో 1972 ఫిబ్రవరి 26న తెగిన కట్టను మాత్రం కట్టినది బొగ్గు వ్యర్థాలతోనే. ఆ నల్లని నీటిలో 125 మంది చనిపోయారు, 4,000 మందికి పైగా ఇళ్లు కోల్పోయారు. గని కంపెనీ తరఫువారు దానిని దైవకృత్యమన్నారు. బతికినవారిని ఎవరి పొరుగు ఎవరో చూడకుండా తాత్కాలిక శిబిరాల్లో సర్దారు. ఆస్తి నష్టంలో లెక్కకు రాని ఈ నష్టాన్ని నేను చిన్నదిగా చూడలేను. వరద తీశాక మన లంకవాళ్లు ఒండ్రు ఎత్తిపోసుకుని అదే వీధిలో, అదే పొరుగువారి మధ్య బతుకు మళ్లీ మొదలుపెడతారు, ఆ కొండవాళ్లకు ఆ వీధే మిగలలేదు.

బ్రిటన్‌లోని వేల్స్‌లో, అబర్‌ఫాన్ అనే ఊళ్లో 1966 అక్టోబరు 21 ఉదయం, ఊరిపైనున్న కొండవాలు మీద పోసిన గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు మరణించారు. ఏడో నంబరు గుట్ట అది, దానిని 1958లో పోయడం మొదలుపెట్టారు. దాని అడుగున ఊటలున్నాయని పాత పటాల్లోనే గుర్తులున్నాయి. అడుగున ఊట ఆగదు, పైనుంచి వాన ఆగదు, నీరు నిండిన గుట్ట ఒక్కసారిగా ద్రవంలా ప్రవహించింది. విచారణ సంఘం జాతీయ బొగ్గు బోర్డును తప్పుపట్టింది. అయినా మిగిలిన గుట్టలను తొలగించే ఖర్చులో 1,50,000 పౌండ్లను, బాధితుల కోసం ప్రజలు ఇచ్చిన విరాళాల నిధి నుంచే తీసుకున్నారు. ఆ సొమ్మును ప్రభుత్వం తిరిగి ఇచ్చింది 1997లో.

మన గోదావరికి ఎగువన కూడా బొగ్గు ఉంది. ఎల్లందు ప్రాంతంలో 1871లో బయటపడిన బొగ్గు కొత్తగూడెం, మణుగూరు, రామగుండం దాకా విస్తరించి ఉంది. కోట్ల ఏళ్ల కిందటి గోండ్వానా కాలపు ఈ బొగ్గులో గంధకం తక్కువ, బూడిద ఎక్కువ. అందువల్ల జయంతియా కొండల్లో కనిపించే ఆమ్లపు వాగులు ఇక్కడ అంతగా ఏర్పడవు. కాని ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి, అంటే సొరంగం లేకుండా పైనుంచే తవ్వే గనుల నుంచి, ఎత్తిపోసిన మట్టిగుట్టలు ఇక్కడా ఉన్నాయి, వాటి మీద పడిన వాన ఇక్కడా ఏదో ఒక వాగు వెంట గోదావరిలోకే దిగుతుంది. కొత్త గనికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడల్లా బొగ్గు ఎన్ని టన్నులు, ఉద్యోగాలు ఎన్ని, పరిహారం ఎంత అనే మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. మట్టి ఎక్కడ పోస్తారు, ఆ చోట నేల కింద ఏ ఊట ఉంది, వాలున ఏ వాగు పుడుతోంది అన్న ప్రశ్నలు ఆ కొండ పక్క పల్లెవాసులే కాదు, కిందనున్న డెల్టావాళ్లమూ అడగాలి. వాగుల సంగతి తెలుసుకోవడానికైతే దూరం వెళ్లనక్కరలేదు, ఊరి రెవెన్యూ నక్షాలో వాగులకు గీతలు గీసే ఉంటాయి.