పూల వాసనకు గాలి తగిలితే

ధనియాలు నలిపి వాసన చూడండి. అందులో ఎక్కువ వాటా లినలూల్ అనే పదార్థానిదే. మల్లెలో, లావెండర్‌లో కూడా ఉంటుంది. సబ్బులు, షాంపూలు, బాడీలోషన్లు, సెంట్లలో పూల పరిమళం కోసం దీన్ని విరివిగా కలుపుతారు.

తాజా లినలూల్‌తో చర్మానికి పెద్దగా పేచీ లేదు. గాలి తగిలితేనే తంటా. ఆక్సిజన్‌తో కలిసి అది హైడ్రోపెరాక్సైడ్లు అనే వేరే పదార్థాలుగా మారుతుంది. మొక్క నుంచి తీసినదైనా, ఫ్యాక్టరీలో చేసినదైనా ఇంతే. కాబట్టి సీసా మీద ‘నేచురల్’ అని రాసి ఉందని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఈ హైడ్రోపెరాక్సైడ్లు చర్మంలోని ప్రోటీన్లకు అతుక్కుంటాయి. వాటిని మన రోగనిరోధక వ్యవస్థ పరాయివిగా లెక్కగట్టి గుర్తుపెట్టుకుంటుంది. అప్పటికి పైకేమీ తెలియదు. తర్వాతెప్పుడో అదే క్రీము రాసుకుంటే దురద, ఎర్రటి దద్దుర్లు వస్తాయి. అవీ వెంటనే కాదు, ఒకటి రెండు రోజులకు. ఈలోగా నేరం నిన్నటి వంకాయ కూర మీద పడిపోతుంది!

దీన్ని పట్టుకునేది ప్యాచ్ టెస్ట్. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న బిళ్లల్లో పెట్టి వీపు మీద టేపుతో అంటిస్తారు. రెండు రోజులకు తీసి చూస్తారు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు మళ్లీ చూస్తారు. అన్నాళ్లూ వీపు తడవకూడదు. మన ఎండల్లో చెమటకే టేపు ఊడొస్తుంది, అందుకే ఎండాకాలంలో వద్దంటారు. తాజా లినలూల్‌తో ఈ పరీక్ష చేస్తే చాలామందిలో ఏమీ బయటపడదు. గాలికి పాతబడినదాన్ని వాడాలని చూపించింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు. అలా వివిధ దేశాల క్లినిక్కుల్లో 2,900 మందిని పరీక్షిస్తే సుమారు 7 శాతం మందికి పడలేదు. ఇది చర్మ సమస్యతో వచ్చినవాళ్ల లెక్క, ఊరందరిదీ కాదు.

యూరప్ దీన్ని నిషేధించలేదు, ఆ అవసరమూ లేదనిపిస్తుంది. రాసుకుని వదిలేసే క్రీముల్లో 0.001 శాతం, కడిగేసుకునే సబ్బుల్లో 0.01 శాతం దాటితే లేబుల్ మీద లినలూల్ పేరు అచ్చువేయాలంది. పడనివాళ్లకు కావాల్సింది అదే. ‘పర్ఫ్యూమ్’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే వాళ్లకేం తెలుస్తుంది? తయారీదారులు విటమిన్ ఇ లాంటివి కలిపి గాలి ప్రభావాన్ని కొంత ఆపుతారు. మూత బిగించడం మాత్రం మన పనే.

ఏదైనా రాసుకున్నాక మళ్లీ మళ్లీ దురద వస్తుంటే డాక్టర్ దగ్గరికి కొత్త సీసా కొనుక్కుని వెళ్లకండి. ఇంట్లో సగం వాడిన సీసానే పట్టుకెళ్లండి.