నలభై దాటిన స్టాఫ్ నర్సుకి సైన్యంలో దారి ఎందుకు లేదు?

శ్రీకాకుళం జిల్లాలో ఇంటర్ అవగానే కుర్రాళ్లు తెల్లారకుండానే లేచి ఆర్మీ ర్యాలీ కోసం పరుగు ప్రాక్టీసు చేయడం మనకి కొత్త కాదు. పక్కన విజయనగరంలో 1962 నుంచీ కోరుకొండ సైనిక్ స్కూలే ఉంది. కానీ అదే ఇంట్లో ఇరవై ఏళ్లు ఐసీయూలోనో, పలాస వైపు డయాలసిస్ వార్డులోనో చేసిన అక్కో పిన్నో "నా ఉద్యోగం నేను చేసుకుంటాను, అవసరమొస్తే పిలవండి, వస్తాను" అంటే ఎవరిని అడగాలో చెప్పేవాళ్లుండరు.

నిజానికి ఆవిడ అడుగుతున్నది కొత్త సంగతేమీ కాదు. బ్రిటన్‌లో 1908లోనే టెరిటోరియల్ ఫోర్స్ నర్సింగ్ సర్వీస్ పెట్టి, మామూలు ఆసుపత్రుల్లో పనిచేసుకుంటున్న నర్సుల పేర్లు ముందే రాసుకున్నారు. 23 ఏళ్లు నిండి, మూడేళ్ల శిక్షణ పూర్తయి ఉండాలి. 1914లో యుద్ధం రాగానే వాళ్లకే కబురు వెళ్లింది. చేయి తిరిగిన నర్సుని అప్పటికప్పుడు తయారు చేయలేమని వాళ్లకి తెలుసు.

మన దగ్గర కథ వేరేగా నడిచింది. 1888 మార్చి 28న బ్రిటన్ నుంచి పదిమంది నర్సులు బొంబాయిలో దిగడంతో సైనిక నర్సింగ్ మొదలైంది, 1926లో ఇండియన్ మిలిటరీ నర్సింగ్ సర్వీస్ వచ్చింది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదే బాంబులు వేశాయి, సైన్యం లక్షల్లో పెరిగిపోతోంది, నర్సులు చాలడం లేదు. ఆ ఒత్తిడిలో 1943 సెప్టెంబరులో వచ్చిన ఆర్డినెన్సు నర్సులకి ఆఫీసరు హోదా ఇచ్చింది. 1976లో మేజర్ జనరల్ అయిన తొలి మహిళ జి.ఎ. రామ్ ఈ సర్వీసు నుంచే వచ్చారు. అయితే ఇది ఫుల్‌టైమ్ కొలువు, అదీ ఆడవాళ్లకే.

ఇంకోవైపు, ఉద్యోగం చేసుకుంటూనే సైన్యంలో పనిచేసే టెరిటోరియల్ ఆర్మీ 1949లో మొదలైంది, కానీ అందులో చాలా యూనిట్లలోకి ఆడవాళ్లని రానివ్వలేదు. 2018 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ అడ్డు చెల్లదని చెప్పింది. నా దృష్టిలో చిక్కంతా ఇక్కడే ఉంది: నర్సులకి పార్ట్‌టైమ్ లేదు, పార్ట్‌టైమ్ ఉన్నచోట ఆడవాళ్లు దాదాపు లేరు, ఈ రెండు దారులూ దాదాపు డెబ్బై ఏళ్లు కలవనే లేదు.

దీనికి తోడు పెళ్లి నిబంధన. మిలిటరీ నర్సు పెళ్లి చేసుకుంటే ఉద్యోగం తీసేయొచ్చని 1977 నాటి రూలు, 1995 దాకా ఉంది! అలా 1988లో ఉద్యోగం పోగొట్టుకున్న లెఫ్టినెంట్ సెలీనా జాన్‌కి 60 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది 2024 ఫిబ్రవరిలో, అంటే 36 ఏళ్లకి. ఇప్పుడు యాభై దాటిన మన సిస్టర్లు చదువుకున్న రోజుల్లో అమలైన రూలు ఇది. వాళ్లు అప్పుడే ఎందుకు వెళ్లలేదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

కరోనా రెండో వేవ్‌లో, 2021 ఏప్రిల్‌లో, అంతకుముందు రెండేళ్లలో రిటైరైన సైనిక వైద్య సిబ్బందిని మళ్లీ డ్యూటీకి పిలిచారు. మంచి పనే. కానీ ఆ పిలుపు సైన్యంలో చేసినవాళ్లకే. బయట ఆసుపత్రుల్లో అంతే అనుభవం ఉన్నవాళ్లని పేరు రాసుకుని ఉంచుకునే పద్ధతి ఉంటే, 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు లాంటి సమయాల్లో ఎంత ఉపయోగపడేదో!

ఇప్పటికున్న పరిస్థితి చెప్తాను. మిలిటరీ నర్సింగ్ సర్వీసులో కొన్నేళ్లకి ఆఫీసరుగా తీసుకునే షార్ట్ సర్వీస్ కమిషన్ 2023 నోటిఫికేషన్‌లో పెళ్లయినవాళ్లకీ అవకాశమిచ్చారు, వయసు మాత్రం 35 లోపే, బీఎస్సీ నర్సింగో పోస్ట్ బేసిక్ బీఎస్సీయో (డిప్లొమా నర్సులు తర్వాత చదివే డిగ్రీ) ఉండాలన్నారు. మన వైపు సీనియర్లలో చాలామందిది జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, అది చాలదు. టెరిటోరియల్ ఆర్మీ ఆఫీసరు పరీక్షకి 42 దాకా వెళ్లొచ్చు, డిగ్రీ, ఉద్యోగం ఉంటే చాలు, కానీ ఆడవాళ్లకి పోస్టులు బాగా తక్కువ, పైగా అది నర్సు పని కాదు. కాబట్టి జీఎన్ఎం చేసి ముప్పై దగ్గర్లో ఉన్న చెల్లెళ్లు, మనసులో ఈ కోరిక ఉంటే, పోస్ట్ బేసిక్ ఇప్పుడే మొదలుపెట్టండి. దానికే రెండేళ్లు పడుతుంది.