పిల్లల రేడియో పాత రికార్డింగులు: అపోహలు, వాస్తవాలు

పాత స్పూల్ టేపుల్నీ (చక్రానికి చుట్టి ఉండే టేపులు), క్యాసెట్లనీ డిజిటల్‌లోకి మార్చడం నా పని. పిల్లల కార్యక్రమాలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఆ సంగతి తెలిసి, చిన్నప్పుడు ఆకాశవాణి పిల్లల కార్యక్రమం బాలానందంలో పాడినవాళ్లు, నాటికలు వేసినవాళ్లు, వాళ్ల పిల్లలు నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు: "మా ఇంట్లో క్యాసెట్ ఉండేదండీ. రేడియో స్టేషన్‌లో ఎలాగూ ఉంటుంది కదా అని ఇల్లు మారినప్పుడు తీసేశాం. ఇప్పుడు స్టేషన్ నుంచి ఎలా తెప్పించుకోవాలి?"

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. అందుకే ఈ ఒక్క అపోహ గురించి వివరంగా రాస్తున్నాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: రేడియోలో ప్రసారమైనదంతా ఆకాశవాణిలో భద్రంగా ఉంటుంది.

ఉండదు. పిల్లల కార్యక్రమాలైతే అసలే తక్కువ. ఎందుకో తెలియాలంటే రెండు కాలాలను విడివిడిగా చూడాలి.

మొదటిది టేపు రాకముందు కాలం. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు రేడియో అన్నయ్యగా, రేడియో అక్కయ్యగా తెలుగు పిల్లలకు దగ్గరైంది అక్కడినుంచే. ఆ రోజుల్లో పిల్లల్ని ముందే పిలిచి పాటలూ నాటికలూ బాగా సాధన చేయించేవారు. ప్రసారం రోజు స్టూడియోలో మైకు చుట్టూ నిలబెట్టేవారు. ఎర్ర లైటు వెలిగిందంటే ఇక పిల్లల మాట మాటా నేరుగా గాల్లోకి వెళ్లిపోయేది. డిస్కు మీద రికార్డు చేసే పరికరాలు లేకపోలేదు కానీ అది ఖర్చుతో కూడిన పని. పెద్ద నాయకుల ప్రసంగాలకో, పేరున్న విద్వాంసుల కచేరీలకో వాడేవారు. కాబట్టి మీ అమ్మమ్మ 1940లలో మద్రాసు రేడియోలో పాడి ఉంటే, ఆ పాటను ఎవరో పోగొట్టారని బాధపడకండి. చాలావరకు అది రికార్డే అయి ఉండదు.

రెండోది టేపు వచ్చాక. ఇక్కడే జనం ఎక్కువగా పొరబడుతున్నారు. "టేపు మీద రికార్డు చేశారు కదా, మరి ఆ టేపు ఏమైంది?" అని అడుగుతారు. చిన్న లెక్క చెబుతాను. స్టూడియో టేపు సెకనుకు ఏడున్నర అంగుళాల చొప్పున నడుస్తుంది. 1200 అడుగుల స్పూల్ ఆ వేగంతో 32 నిమిషాలు వస్తుంది. అంటే అరగంట బాలానందానికి ఒక స్పూల్ మొత్తం పోతుంది. వారానికి ఒకటి అనుకున్నా ఏడాదికి 52 స్పూళ్లు. ఇది ఒక్క కార్యక్రమానికి, ఒక్క కేంద్రంలో. ఆ పక్కనే వ్యవసాయం, మహిళల కార్యక్రమం, నాటకాలు, లలిత సంగీతం అన్నీ ఉన్నాయి. టేపు విదేశాల నుంచి రావాలి, విదేశీ మారకద్రవ్యానికి కటకటగా ఉన్న రోజులు. అందుకే ప్రసారం అయిపోయాక పలక తుడిచినట్టు టేపు చెరిపేసి, దాని మీదే వచ్చేవారం రికార్డింగ్ చేసుకునేవారు. ఏదైనా లైబ్రరీలో దాచాలంటే దాన్ని ప్రత్యేకంగా ఎంపిక చేసి పక్కన పెట్టించాలి. అలా ఎంపికైనవి ఎక్కువగా శాస్త్రీయ సంగీతం, ప్రముఖుల ప్రసంగాలు, పెద్ద నాటకాలు. పిల్లల కార్యక్రమం ప్రతి ఆదివారం వస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని దాచాలన్న ఆలోచన తక్కువమందికి వచ్చింది.

ఇది మనవాళ్ల నిర్లక్ష్యమే అనుకోకండి. బీబీసీలో పిల్లల కోసం 'చిల్డ్రన్స్ అవర్' 1922 డిసెంబరులో మొదలై 1964 మార్చి దాకా నడిచింది. నలభై ఏళ్లకు పైబడిన ఆ కార్యక్రమం తొలి సంవత్సరాల నుంచి వినడానికి మిగిలింది చాలా స్వల్పం. రేడియో అంటే అప్పటికప్పుడు వినేది అనే అందరూ అనుకున్నారు. వాట్సాప్‌లో మాత్రం 'ఫలానా అధికారి పాత టేపులన్నీ తగలబెట్టించాడు' అనే మెసేజ్ ఏడాదికోసారి తిరుగుతుంది. ప్రతిసారీ అధికారి పేరు మారుతుంది, ఊరు మారుతుంది. దయచేసి ఇలాంటివి ఫార్వర్డ్ చేయకండి. టేపుకు కరువు ఉన్న రోజుల్లో చేతిలో ఉన్న టేపుతో పని వెళ్లదీసిన సిబ్బందిని అవమానించడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

తెనాలి వైపు నుంచి రిటైరైన టీచరు ఒకాయన వచ్చారు. వాళ్ల చెల్లెలు 1980లలో బృందగానంలో పాడింది. గల్ఫ్ నుంచి వాళ్ల మేనమామ తెచ్చిన టూ-ఇన్-వన్‌లో (రేడియో, టేప్ రికార్డర్ కలిసి ఉండేది) నాన్నగారు ఆ కార్యక్రమాన్ని రికార్డు చేశారు. తర్వాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు 'రేడియోవాళ్ల దగ్గర ఉంటుందిలే' అని క్యాసెట్ల పెట్టె పాతసామాన్ల వాడికి ఇచ్చేశారు. చెల్లెలు చనిపోయాక ఆ గొంతు కోసం వెతుకులాట మొదలైంది. స్టేషన్‌లో సిబ్బంది మనసుపెట్టి వెతికారు, దొరకలేదు. చివరికి పాత పొరుగింటివాళ్ల దగ్గర, అప్పట్లో పాట నేర్చుకోవడానికని అడిగి తీసుకున్న కాపీ బయటపడింది. దాని మీద ఎవరో సినిమా పాటలు ఎక్కించేశారు. మిగిలిన కొద్ది నిమిషాల్లో ఆ అమ్మాయి పాడిన చరణం ఉంది. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, తీసేసి, మళ్లీ పెట్టుకున్నారు. ఆ కుటుంబానికి ఆ గొంతు దక్కిందంటే ఒక పక్కింటి క్యాసెట్ పుణ్యమే.

కాబట్టి మీ అటక మీద ఉన్నదే ఏకైక కాపీ అనుకుని చూసుకోండి. ఈ రోజే చేయగలిగిన పని ఒకటుంది. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. ఆ రెండూ విరగ్గొట్టేయండి. ఇక దాని మీద పొరపాటున ఎవరూ రికార్డు చేయలేరు. తర్వాత పని, అటక మీదున్న పాత టేప్ రికార్డర్‌ను దించి అందులో పెట్టి చూడాలనే ఆత్రాన్ని ఆపుకోవడం. ఏళ్ల తరబడి వాడని యంత్రంలో రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, రోలర్ గట్టిపడి ఉంటుంది. అది టేపును లోపలికి లాగేసి నలిపేస్తుంది. ముందు యంత్రాన్ని బాగుచేయించి, పనికిరాని క్యాసెట్‌తో పరీక్షించి, ఆ తర్వాతే అసలుది పెట్టాలి.

అలాగని స్టేషన్‌ను అడగడం మానకండి. దాచిన రికార్డింగులు కొన్ని ఉన్నాయి. కాకపోతే "మా అక్క ఎనభైల్లో పాడిందండీ" అంటే ఎవరూ వెతకలేరు. తేదీ, కేంద్రం, కార్యక్రమం పేరు, పాట లేదా నాటిక పేరు కావాలి. ఇంట్లో పాత కాగితాలు తిరగేయండి. ఆకాశవాణి పంపిన కాంట్రాక్టు కాగితం ఉంటే అందులో తేదీ ఉంటుంది. ఆకాశవాణి తెలుగు పత్రిక 'వాణి' పాత సంచికల్లో కార్యక్రమాల వివరాలు వేసేవారు. శబ్దం దొరక్కపోయినా ఫలానా రోజున ఫలానా నాటిక ప్రసారమైందన్న ఆధారమైనా చేతికొస్తుంది. దానికీ విలువ ఉంది.

అపోహ: రేడియో అక్కయ్య అంటే ఒక్కరే.

ఆ పేరు మొదట న్యాయపతి కామేశ్వరి గారిది. తర్వాతి తరం హైదరాబాద్ శ్రోతలకు రేడియో అక్కయ్య అంటే తురగా జానకీరాణి గారు. క్యాసెట్ మీద 'రేడియో అక్కయ్య' అని మాత్రమే రాసి ఉంటే తేదీ విషయంలో ఒక తరం తేడా వచ్చేస్తుంది. పేరు పూర్తిగా రాయండి.

అపోహ: మన దగ్గర పిల్లల రేడియో ఆకాశవాణితోనే మొదలైంది.

అంతకుముందే మద్రాసు కార్పొరేషన్ 1930లో సొంతంగా ప్రసారాలు మొదలుపెట్టింది. కార్పొరేషన్ బడుల పిల్లల కోసం సంగీత పాఠాలూ కథలూ వినిపించింది. ఇంకో సంగతి, తెలుగు రేడియో అంటే విజయవాడే అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ కేంద్రం వచ్చింది 1948 డిసెంబరు 1న. అప్పటికే హైదరాబాదులో నిజాం ప్రభుత్వ దక్కన్ రేడియో ఉర్దూతో పాటు తెలుగు కార్యక్రమాలూ ఇస్తుండేది. అది 1950లో ఆకాశవాణిలో కలిసింది.

అపోహ: పిల్లల గొంతు కదా, రికార్డింగ్‌లో అలా కీచుగానే ఉంటుంది.

ఇది నాకు తరచూ ఎదురవుతుంది. చాలాసార్లు కారణం గొంతు కాదు, బ్యాటరీలు. రికార్డు చేసేటప్పుడు బ్యాటరీలు నీరసించి ఉంటే టేపు నెమ్మదిగా నడుస్తుంది. దాన్ని ఇప్పుడు సరైన వేగంతో నడిపితే గొంతు సన్నబడి, మాట పరుగెడుతుంది. తల్లులు కూడా తమ పిల్లల గొంతును గుర్తుపట్టలేక "ఇది మావాడిది కాదేమో" అని దిగులుపడ్డ సందర్భాలు చూశాను. వేగం సరిచేశాక ఇట్టే గుర్తుపట్టారు. కరెంటు మీద రికార్డు చేసినదైతే అడుగున సన్నటి హోరు ఉంటుంది. మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ కాబట్టి ఆ హోరు 50 హెర్ట్జ్ దగ్గర ఉంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. బ్యాటరీ మీద చేసినదైతే మధ్యలో వచ్చే పెద్దవాళ్ల గొంతు, వెనక హార్మోనియం శ్రుతి చూసుకుంటాను.

అపోహ: టేపుకు బూజు పడితే, అతుక్కుంటే ఎండలో పెట్టాలి. లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి.

రెండూ వద్దు. ఎండకు టేపు వంకర్లు పోతుంది, ఫ్రిజ్‌లో చెమ్మ పడుతుంది. తెల్లటి బూజు కనిపిస్తే నడపకండి, యంత్రంలో టేపును చదివే హెడ్‌కు అంటి మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. 1970, 80లలో వచ్చిన కొన్ని రకాల స్పూల్ టేపుల్లో పూత తేమ పీల్చుకుని జిగురుగా మారుతుంది, నడిపితే కీచుమంటుంది. వెంటనే ఆపండి. దాన్ని తక్కువ వేడి మీద గంటల తరబడి ఆరబెట్టి బాగుచేసే పద్ధతి ఉంది. అది తగిన పరికరం ఉన్నవాళ్లే చేయాలి, వంటింటి ఓవెన్‌లో కాదు. తెగిన టేపుకు సెల్లోటేపు వేయకండి, దాని జిగురు పక్క పొరలకు అంటుకుంటుంది. తెగింది, నలిగింది, బూజు పట్టింది అని కంగారుపడి పారేయబోయేవాళ్లకు ఒక్క మాట: వీటిలో చాలావరకు శబ్దం లోపల క్షేమంగానే ఉంటుంది. పూర్తిగా పోయిందని నేను చేతులెత్తేసినవి తక్కువ.

అపోహ: విమానాశ్రయంలో ఎక్స్‌రే తగిలితే క్యాసెట్ చెరిగిపోతుంది.

అమెరికా నుంచి వచ్చేవాళ్లు దీని గురించి చాలా టెన్షన్ పడతారు. అయస్కాంత టేపును ఎక్స్‌రే ఏమీ చేయదు. నిశ్చింతగా తీసుకురండి. చేతి సంచిలో పెట్టుకోండి, అది దెబ్బ తగలకుండా. పెద్ద స్పీకరు మీద మాత్రం క్యాసెట్లు పెట్టకండి, దాని అయస్కాంతమే అసలు ప్రమాదం.

అపోహ: ఒకసారి ఫోన్‌లోకి ఎక్కించాం, ఇక క్యాసెట్ అక్కర్లేదు.

క్యాసెట్ ఉంచండి. రేపు ఇంతకన్నా బాగా తీసే అవకాశం రావచ్చు. ఎక్కించేటప్పుడు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (.wav) ఫైలుగా తీయించండి. స్టీరియోలో గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. బంధువులకు పంపడానికి ఎంపీత్రీ చాలు. హోరు తగ్గించిన కాపీ వేరుగా ఉంచండి, ఏమీ చేయని అసలు ఫైలు ముట్టుకోకండి. ఫైళ్లను రెండు వేర్వేరు చోట్ల దాచండి, రెండు వేర్వేరు ఇళ్లలో అయితే మరీ మంచిది.

వినేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. బృందగానంలోనో నాటికలోనో పాల్గొన్న పిల్లలందరి పేర్లూ రికార్డింగ్‌లో వినిపించవు. ఎవరి గొంతు ఏదో చెప్పగలిగేది ఆ రోజు స్టూడియోకు వెళ్లినవాళ్లే. ఫైలు పేరులో తేదీ, కేంద్రం రాసి, ఏ నిమిషం దగ్గర ఎవరు మాట్లాడుతున్నారో పక్కన కాగితం మీద రాయించి ఆ కాగితం ఫోటో కూడా ఫైలుతో పాటే ఉంచండి.