మోరిసో బొమ్మకి వెనకవైపు

కెనడా ఆదివాసీ చిత్రకారుడు నోర్వల్ మోరిసో వేసిన బొమ్మ ఎవరైనా తెచ్చి దీని ధరెంత అని అడిగితే, అక్కడ విలువ కట్టేవాళ్లు దాన్ని తిప్పి వెనకవైపు చూస్తారు. కాన్వాసు వెనక నల్లరంగుతో, తడి లేని కుంచెతో గీకినట్టు, ఇంగ్లీషులో ఆయన పేరు, బొమ్మ పేరు, ఏడాది కనిపిస్తే ఒక్క క్షణం ఆగుతారు. మామూలుగా సంతకం ఉంటే ధర పెరుగుతుంది. ఇక్కడ మాత్రం అనుమానం ఆ సంతకంతోనే మొదలవుతుంది.

మోరిసో ఆంటారియో ఉత్తరాన ఒజిబ్వే అనే ఆదివాసీ తెగలో పుట్టారు. తల్లి తరఫు తాత దగ్గర పెరిగారు. ఆ తాత తెగలో మంత్రవిద్య తెలిసిన పెద్ద. కథలన్నీ ఆయన దగ్గర విన్నవే. యవ్వనంలో జబ్బు చేసి ప్రాణం మీదికొస్తే తెగ ఆచారం ప్రకారం ‘రాగి ఉరుముపక్షి’ అని కొత్త పేరు పెట్టారు. తర్వాత క్షయ ఆస్పత్రిలో పరిచయమై భార్య అయిన హ్యారియెట్ కాకెగామిక్ ఆయనకి క్రీ అనే మరో ఆదివాసీ తెగ లిపి నేర్పింది. ఆ పేరునే, ఆ లిపిలోనే బొమ్మ ముందువైపు సంతకంగా పెట్టేవారు. అందుకే వెనకవైపు ఇంగ్లీషు సంతకం చూస్తే అనుమానం.

1962లో టొరంటోలో జాక్ పొల్లాక్ తన గ్యాలరీలో ఆయన బొమ్మలు పెడితే ఒక్కరోజులో అన్నీ అమ్ముడుపోయాయి. లావుపాటి నల్లగీతల మధ్య చిక్కని రంగులు, ఒంటి లోపలి అవయవాలు కూడా కనిపించే జంతువులు, పక్షులు. పవిత్రమైన కథల్ని బయటివాళ్లకి బొమ్మగీసి అమ్ముతున్నాడని తెగలో కొందరు కోప్పడ్డారు. పేరు మాత్రం ఆగలేదు. 1978లో ఆర్డర్ ఆఫ్ కెనడా అనే ఆ దేశపు పౌర పురస్కారం వచ్చింది.

డబ్బు నిలవలేదు. తాగుడు వదల్లేదు. 1987లో ఆయన వాంకూవర్ వీధుల్లో ఉంటూ, తాగడానికి ఎంతొస్తే అంతకి బొమ్మలు గీసి ఇచ్చేసేవారు. మొదటి నుంచీ అట్టముక్క, గోధుమరంగు కాగితం, బర్చ్ చెట్టు బెరడు, ఏది దొరికితే దాని మీద వేసి ఎవరడిగితే వాళ్లకి ఇచ్చిన మనిషి. రసీదు రాసిందెవరు? ఏ బొమ్మ ఎవరింటికి పోయిందో లెక్క పెట్టిందెవరు? నన్నడిగితే ఈ నకిలీల గొడవంతటికీ మూలం ఆ రాయని రసీదులే.

ప్రింట్ల సంగతి కాస్త నయం. హ్యారియెట్ సోదరులు కలిసి 1973లో ఆంటారియోలోని రెడ్ లేక్‌లో ‘ట్రిపుల్ కే’ అనే ముద్రణశాల పెట్టారు. బావగారి బొమ్మల్ని సిల్క్‌స్క్రీన్ మీద, అంటే సన్నటి గుడ్డ జల్లెడలోంచి రంగు అద్దే పద్ధతిలో, లెక్క ప్రకారం ఇన్నే అని వేశారు. అంచున పెన్సిల్‌తో రాసిన అంకెని బట్టి మొత్తం ఎన్ని వేశారో, చేతిలో ఉన్నది ఎన్నోదో తెలుస్తుంది. భూతద్దం పెడితే సిల్క్‌స్క్రీన్ రంగు ఒకే పొరగా, చదునుగా ఉంటుంది. యంత్రం మీద అచ్చేసిన ఆఫ్‌సెట్ పోస్టరైతే సన్నటి చుక్కలు బయటపడతాయి. కాకపోతే పటం కట్టేవాడు ఫ్రేములో పట్టలేదని ఆ అంచుని కత్తిరించేస్తే అంకెతో పాటు సగం ధర కూడా చెత్తబుట్టలోకి పోతుంది. ప్రింటు పెయింటింగంత ఖరీదు పలకదు గానీ, విలువ కట్టేవాడికి రాత్రి నిద్ర పడుతుంది.

పెయింటింగుల దగ్గరికొస్తే, 1996 నుంచి ఆంటారియోలోని థండర్ బేలో ఒక ముఠా నకిలీల తయారీని కుటీరపరిశ్రమ చేసింది. ఒకడు పెన్సిల్‌తో గీతలు గీసి, ఎక్కడ ఏ రంగు పడాలో అక్షరం రాసేవాడు, పచ్చకి ‘జి’ అన్నట్టు. మిగతావాళ్లు చిన్నపిల్లల రంగుల పుస్తకంలా నింపేసేవారు. ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో చూస్తే రంగు కింద ఆ అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. మోరిసో బతికుండగానే బొమ్మలు చూసి ఇవి నావి కావని రాసి ఇచ్చారు. పార్కిన్సన్స్‌తో మంచాన ఉన్నాడు, తాగిన మత్తులో ఏం వేశాడో ఆయనకే గుర్తులేదు అని కొందరు వ్యాపారులు కొట్టిపారేశారు. ఆ మాట నాకు నకిలీ బొమ్మకంటే రోతగా తోస్తుంది. 2006లో ఒట్టావా నేషనల్ గ్యాలరీ ఆయన బొమ్మలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. ఫస్ట్ నేషన్స్ (ఇన్యూట్లు కాని ఆదివాసీ తెగలు) కళాకారుడొక్కడికే అలాంటిది అక్కడ అదే మొదటిసారి. మరుసటేడు ఆయన పోయారు. పేరుతో పాటు ధరలూ పెరిగాయి.

కోర్టు దాకా లాగింది ఒక సంగీతకారుడు. బేర్‌నేకెడ్ లేడీస్ అనే కెనడా రాక్ బృందంలో వాయించే కెవిన్ హెర్న్ 2005లో 20,000 డాలర్లు పెట్టి ఒక బొమ్మ కొన్నారు. 2010లో దాన్ని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ ఆంటారియోలో వేలాడదీస్తే, అనుమానం వచ్చి కొద్దిరోజులకే దించేశారు. హెర్న్ తనకి దాన్ని అమ్మినవాళ్ల మీద దావా వేశారు. విచారణలో వెనకవైపు నల్ల సంతకం మీద కూడా వాదన నడిచింది. 2018లో జడ్జి నకిలీ అని రుజువు కాలేదన్నారు. 2019లో అప్పీలు కోర్టు దారి మార్చింది. బొమ్మ అసలుదా కాదా అన్నది పక్కనబెట్టి, అది ఎవరి చేతులు మారి వచ్చిందో చెబుతూ ఇచ్చిన కాగితమే అబద్ధమని తేల్చి 60,000 డాలర్లు ఇప్పించింది. అంటే కొన్నవాడు బొమ్మకి ఇచ్చినంత ధర దాని చరిత్రకీ ఇచ్చినట్టే.

2023 మార్చిలో పోలీసులు ఈ నకిలీల కేసులో ఎనిమిదిమందిని పట్టుకుని, వెయ్యికి పైగా బొమ్మలు స్వాధీనం చేసుకున్నారు. అక్షరాలు రాసినవాడు తప్పు ఒప్పుకున్నాడు. 2024లో ఐదేళ్ల శిక్ష పడింది.

దెబ్బ అసలు బొమ్మలున్నవాళ్లకీ తగిలింది. బీమాకైనా, మ్యూజియానికి దానమిచ్చి పన్ను మినహాయింపు తీసుకోవడానికైనా ఎవరో ఒకరు అంకె రాసి సంతకం పెట్టాలి. ఇంట్లో తాతగారు ఏ తొంభైల్లోనో ఆయన దగ్గరే చేతికి చెయ్యి ఇచ్చి కొన్న బొమ్మే అయినా, చేతిలో కాగితం లేకపోతే ఆ సంతకానికి చెయ్యి రాదు. అదే 1974 నాటి పొల్లాక్ గ్యాలరీ బిల్లు ఒకటి పాత ట్రంకుపెట్టెలో దొరికిందా, ధర అక్కడికక్కడే మారిపోతుంది.