అడ్డమనుకున్న బురదే అసలు కథ చెప్పింది

పరిశోధన కోసం నడిసముద్రంలో బోరు వెయ్యాలన్న ఆలోచన పుట్టింది బురద కోసం కాదు. 1950ల చివర అమెరికాలో హ్యారీ హెస్, వాల్టర్ మంక్ లాంటి శాస్త్రవేత్తల కళ్లు మాంటిల్ మీద ఉన్నాయి. భూమి పైపొరను దాటి, కిందనున్న ఆ రాతి ముక్క ఒక్కటైనా పైకి తేవాలి. ఖండాల కింద ఆ పైపొర ముప్పై కిలోమీటర్లు, అంతకు మించి. సముద్రం కింద ఆరేడు కిలోమీటర్లే. అందుకే సముద్రంలో తవ్వుదామన్నారు. ఆ పథకం పేరు మోహోల్.

1961లో మెక్సికో తీరానికి దూరంగా, గ్వాడలూప్ దీవి దగ్గర, 3,500 మీటర్లకు పైగా లోతున్న నీళ్లలో కస్-1 అనే నౌకను నిలిపారు. అంత లోతులో లంగరు పనికిరాదు. నౌకకు నాలుగు ప్రొపెల్లర్లు అమర్చి, చుట్టూ తేలే బోయాలను బట్టి దాని చోటు చూసుకుంటూ, గాలికి ఎదురు తోస్తూ కదలకుండా ఉంచారు. ఇవాళ లోతు నీళ్లలో చమురు కోసం తవ్వే నౌకలు వాడే పద్ధతికి ఆద్యం అదే. గొట్టం సముద్రగర్భంలోకి 183 మీటర్లు దిగింది. అందులో దాదాపు 170 మీటర్లు బురదే, దాని కింద లావా గట్టిపడగా ఏర్పడిన బసాల్ట్ రాయి. మాంటిల్ ఇంకా కిలోమీటర్ల కింద ఉంది. ఖర్చు చేయి దాటిపోవడంతో 1966లో అమెరికన్ కాంగ్రెస్ డబ్బు ఆపేసింది.

కానీ ఆ బురదే కావాలన్న శాస్త్రవేత్తలూ అప్పటికే చాలామంది ఉన్నారు. నడిసముద్రం అడుగున మట్టి చాలా నెమ్మదిగా పేరుకుంటుంది. వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే కొన్ని సెంటీమీటర్లు. పైన బతికి చచ్చిన సూక్ష్మజీవుల గుల్లలు, గాలి మోసుకొచ్చిన ధూళి, అగ్నిపర్వతాల బూడిద వరుస తప్పకుండా ఒకదానిపై ఒకటి పడతాయి. నేల మీద వాన, నది, గాలి చెరిపేసే చరిత్ర అక్కడ చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది.

1968లో గ్లోమార్ చాలెంజర్ నౌకతో మొదలైన కొత్త పథకం ఆ మట్టి కోసమే. అదే ఏడాది చివర్లో, మూడో యాత్రలో, డాకర్ నుంచి రియో డి జనీరో దాకా అట్లాంటిక్‌ను దాటుతూ వరుసగా బోర్లు వేశారు. సముద్రం నడిమధ్య ఉన్న పర్వతశ్రేణి నుంచి దూరం పోయేకొద్దీ, రాయికి ఆనుకున్న అడుగు మట్టి వయసు లెక్క తప్పకుండా పెరుగుతూ వచ్చింది. సముద్రగర్భం ఆ శ్రేణి దగ్గర కొత్తగా పుట్టి, ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున పక్కకు జరుగుతోందన్నమాట. ఖండాలు కదులుతాయా అన్న పాత వాదనకు ఇంత సూటి జవాబు అంతకుముందు దొరకలేదు.

రెండేళ్ల తర్వాత, 1970లో, అదే నౌక మధ్యధరా సముద్రంలోకి వెళ్లింది. కెనెత్ షూ, విలియం రయాన్ ఆ యాత్ర నాయకులు. లోతైన నీళ్ల కింద నుంచి జిప్సం ముక్కలు, ఉప్పు పైకొచ్చాయి. ఉప్పునీళ్లు ఆవిరైపోయినప్పుడు మిగిలే పదార్థాలవి. సుమారు 60 లక్షల ఏళ్ల కిందట అట్లాంటిక్‌తో దారి మూసుకుపోయి ఆ సముద్రం ఎండిపోయిందని వాళ్లు తేల్చారు. పూర్తిగా ఎండిందా, నీటిమట్టం ఎంత పడిపోయింది అన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. ఉప్పు మాత్రం అక్కడే ఉంది, కొన్నిచోట్ల కిలోమీటరుకు మించిన మందంతో.

వాతావరణ చరిత్ర చెప్పేవి ఫొరామినిఫెరా అనే జీవుల గుల్లలు. ఇసుక రేణువంత ఉంటాయి. ఆక్సిజన్ పరమాణువుల్లో తేలికవీ బరువైనవీ ఉంటాయి. ఖండాల మీద మంచు పేరుకున్నప్పుడు తేలిక ఆక్సిజన్ ఎక్కువగా ఆ మంచులో చిక్కుకుంటుంది, బరువు ఆక్సిజన్ సముద్రంలో మిగులుతుంది. నీళ్లు చల్లబడినా గుల్లలోకి బరువుది ఎక్కువ చేరుతుంది. ఆ నిష్పత్తి కొలిస్తే అప్పటి చలీ మంచూ రెండూ తెలుస్తాయి. 1976లో హేస్, ఇంబ్రీ, షాకల్టన్ దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి తీసిన రెండు మట్టి కోర్లలో, అంటే గొట్టంలో పొరల వరుసతో పైకొచ్చిన మట్టి కడ్డీల్లో, ఇలాగే చూసి, మంచు యుగాలు భూకక్ష్య మార్పుల తాళానికి నడిచాయని చూపించారు. అవి మామూలు గొట్టంతో తీసినవి, నాలుగున్నర లక్షల ఏళ్ల దాకానే వెళ్లగలిగాయి. డ్రిల్లింగ్ ఆ లెక్కను కోట్ల ఏళ్ల వెనక్కి తీసుకెళ్లింది. తిరిగే బిట్టు మెత్తటి మట్టిని కలిపేసేది కాబట్టి, నీటి ఒత్తిడితో గొట్టాన్ని ఒక్కసారిగా దించే పరికరం 1970ల చివర వచ్చాకే పొరలు చెదరని కోర్లు చేతికందాయి.

కోర్ డెక్ మీదికి వచ్చాక ఏం చేస్తారో చెప్పాలి, ఎందుకంటే ఈ పథకం బలమంతా అక్కడే ఉంది. తొమ్మిదిన్నర మీటర్ల ప్లాస్టిక్ గొట్టాన్ని మీటరున్నర ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కనూ నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక సగం నమూనాలకు. రెండో సగాన్ని ఫొటో తీసి, కొలిచి, ముట్టుకోకుండా దాస్తారు. జర్మనీలోని బ్రెమెన్, జపాన్‌లోని కోచి, అమెరికాలోని కాలేజ్ స్టేషన్‌లలో నాలుగు డిగ్రీల చలిలో అవి ఉన్నాయి. ఇంకా పుట్టని ప్రశ్న కోసం, పరిచయం లేని మనిషి కోసం సగం అట్టే పెట్టడం అన్నమాట. సైన్సులో ఇంతకన్నా ఉదారమైన ఏర్పాటు నాకు తెలియదు.

అది ఫలించింది కూడా. 2003లో దక్షిణ అట్లాంటిక్‌లోని వాల్విస్ శ్రేణి దగ్గర తీసిన కోర్లలో తెల్లటి సున్నపు బురద ఉన్నట్టుండి ముదురు ఎర్రమట్టిగా మారుతుంది, ఆపైన మెల్లగా మళ్లీ తెలుపెక్కుతుంది. 5.6 కోట్ల ఏళ్ల కిందట వాతావరణంలోకి విపరీతంగా కార్బన్ చేరి, సముద్రం ఆమ్లమెక్కి, గుల్లలు కరిగిపోయిన గుర్తు అది. భూమి ఐదారు డిగ్రీలు వేడెక్కింది. కోలుకోవడానికి లక్ష ఏళ్లకు పైనే పట్టింది. ఇలా 14 చోట్ల తీసిన కోర్లను కలిపి, 6.6 కోట్ల ఏళ్ల వాతావరణ పట్టికను 2020లో ప్రచురించారు. ఆ కోర్లు తీసింది వేర్వేరు యాత్రల్లో. బంగాళాఖాతంలో 2014-15లో తీసిన కోర్ల నుంచైతే తొమ్మిది లక్షల ఏళ్ల రుతుపవనాల లెక్క దొరికింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిన కాలాల్లో వానలూ పెరిగాయని అది చెబుతోంది.

1985 నుంచి ఈ పని ఎక్కువగా మోసింది జాయిడెస్ రిజల్యూషన్ నౌక. 2023లో అది అట్లాంటిక్ అడుగున, పైకి తోసుకొచ్చిన ఒక చోట, మాంటిల్ రాతిలోకి 1,268 మీటర్లు దిగి రికార్డు సృష్టించింది. దాని నిర్వహణ ఒప్పందాన్ని పొడిగించబోమని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ప్రకటించిందీ అదే ఏడాది. 2024 వేసవిలో ఆఖరి యాత్ర ముగిసింది, నౌకకు బదులు నౌక రాలేదు. ఇప్పుడు జపాన్‌కు చిక్యూ అనే డ్రిల్లింగ్ నౌక ఉంది, చైనా 2024 నవంబరులో మెంగ్ షియాంగ్ అనే నౌకను దించింది, యూరప్-జపాన్‌ల కొత్త పథకం 2025లో మొదలైంది. పాత కోర్లను మళ్లీ చదవడం కూడా ఆ పథకంలో భాగమే. మంచిదే. కానీ ఆ ఎర్రమట్టి పొర లాంటి కీలకమైన భాగాలను అందరూ అడుగుతారు, ప్రతి నమూనాతో అవి కొంత తరుగుతాయి. అందుకే వాటిని ప్రత్యేక రక్షణలో పెట్టి, ఆచితూచి ఇస్తున్నారు. అయిపోయిన మట్టిని మళ్లీ తెచ్చుకోవాలంటే సముద్రంలోకి నౌక వెళ్లాల్సిందే.